ఖాళీ మలుపు

పోయిన వారం పిచ్చుకను వ్యాన్ షెడ్డు ముందు వానలో నిలబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. జుట్టు తడిసి ముఖానికి అతుక్కుపోయింది. ఎదురుగా వ్యాన్ బాబాయి టైరు విప్పుతూ, తాను అన్న మాట ఎంత పని చేసిందో తెలియక, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. కొండల కింద సొరంగం తవ్వి పెద్ద రోడ్డు వేశాక, పైనున్న పాత రాతి దారిని కార్లు వదిలేశాయి. పాలబండి, టపా బండి తప్ప ఆ దారిన మోటారు చక్రమన్నది తిరగదు. దారి పొడవునా పాడుబడ్డ కోటలు, కావలి బురుజులు, ఏ రాజు కట్టించాడో కూడా ఎవరికీ గుర్తులేని వంతెనలు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన నాన్న, ‘కార్లు వదిలేసిందే మన ఆస్తి’ అంటూ పట్నం వాళ్లను సైకిళ్ల మీద ఆ కొండల్లో తిప్పే పని మొదలుపెట్టాడు. పట్నం వాళ్లు ఎక్కేటప్పుడు దేవుణ్ని తలుచుకుంటూ, దిగేటప్పుడు ఫోటోలు తీసుకుంటూ సంతోషంగా తిరిగి వెళ్లేవాళ్లు. నాన్న మోకాలు మొరాయించాక పెద్ద కూతురు, అల్లుడు ఆ పనిని అందుకున్నారు. చిన్న కూతురే మన పిచ్చుక.

వానలు మొదలైన రోజుల్లో, మంచు కమ్మిన ఒక ఉదయం, పిచ్చుక బావ కూలిన వంతెన అంచు నుంచి సైకిలుతో సహా వాగులో పడి చనిపోయాడు. తప్పు పిచ్చుకదని అందరూ అన్నారు. ముఖం మీద అనలేదు. ముఖం మీద అంటే ఆ పిల్ల జవాబైనా చెప్పుకునేది.

తప్పంటే ఏమిటో తెలియాలంటే వాళ్ల పద్ధతి తెలియాలి. అందరికంటే ముందు అక్క వెళుతుంది. మలుపు వచ్చినప్పుడల్లా తన వెనకే ఉన్న మనిషిని అక్కడ నిలబెట్టి సాగిపోతుంది. ఆ మనిషి వచ్చేవాళ్లందరికీ దారి చూపిస్తూ నిలబడాలి. అందరి చివర పసుపు కోటు వేసుకుని బావ వస్తాడు. ఆ కోటు దాటాకే మలుపు వదలాలి. నిలబడిన మనిషి లేడంటే నేరుగా వెళ్లమని అర్థం. బాణం గుర్తులు, బోర్డులు వాళ్లకు లేవు. పాత రాళ్లకు రంగు పూయడం నాన్నకు గిట్టదు. ఆ రోజు వంతెన కూలిందని పాలబండి మనిషి ముందు వెళుతున్న అక్కకు చెబితే, ఆమె ఎన్నడూ తిరగని చోట తిరిగి, ఆ మలుపులో పిచ్చుకను నిలబెట్టింది. బావ వచ్చేసరికి మలుపు ఖాళీగా ఉంది. ఏళ్ల తరబడి వెళ్లిన దారేగా అని నేరుగా పోయాడు.

పసుపు కోటు దాటి వెళ్లడం చూశాకే కదిలానని పిచ్చుక ఒట్లు పెట్టుకుంది. ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్లకు తనను తానే నమ్మడం మానేసింది.

అలాంటి పిల్లతో, వాళ్ల సామాను మోసే వ్యాన్ బాబాయి తాపీగా అన్న మాట ఇది: ఆ రోజు మీ నాన్న వ్యాన్‌లో కూర్చోలేక, ఆఖరి చాయ్ మజిలీలో మీరంతా వెళ్లాక దిగి స్పేర్ సైకిల్ ఎక్కాడుగా!

“నాన్న సైకిలెక్కాడా?” పిచ్చుక గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“ఎక్కకేం? వద్దంటే వింటాడా ఆయన? కొద్ది దూరమే కదా, మోకాలు బాగానే ఉందని ఒకటే గోల. మీ బావే నేను చూసుకుంటా బాబాయ్, నువ్వు పో అన్నాడు. నేను కింది దారిన సామాను తీసుకుని పోయా.” బాబాయి నట్టు నోట్లో పెట్టుకుని, మళ్లీ తీశాడు. “పెద్దాయన చలికి వణికిపోతుంటే మీ బావ తన ఒంటి మీద కోటు తీసి తొడిగాడమ్మా. గుండీలు కూడా తనే పెట్టాడు. కొడుకు కూడా అంత చెయ్యడు.”

“ఏ కోటు బాబాయ్?”

“పసుపుదే. ఇంకేం కోటుంది అతనికి?”

పిచ్చుక వ్యాన్ తలుపు పట్టుకుంది.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“ఎవరడిగారే నన్ను? మర్నాడే మా అమ్మాయి పురిటికని వెళ్లా, మొన్నేగా వచ్చింది! అయినా ఇది మీ ఇంట్లో తెలియని సంగతా?” అప్పటికి ఆమె ముఖం చూసి, చేతిలో స్పానరు కింద పెట్టాడు. “ఏమైందే తల్లీ?”

ఆమె అప్పటికే సైకిలెక్కేసింది.

షెడ్డు నుంచి ఇంటికి అంతా ఎగువే. రోజూ పాడుకుంటూ ఎక్కే దారి. ఆ సాయంత్రం మాత్రం ఒక్కో తొక్కుడుకు ఒక్కో సంగతి విడిపోతూ వచ్చింది. మంచులోంచి పసుపు కోటు వచ్చింది. కోటు టోపీ నుదుటి మీదికి దించి ఉంది, ముఖం కనపడలేదు. తాను చెయ్యెత్తింది. ఆ మనిషి కూడా చెయ్యెత్తాడు. తాను సైకిలెక్కి, అతన్ని దాటి ముందుకెళ్లింది. నాన్న వ్యాన్‌లో ఉన్నాడనే తనకు తెలుసు. ఇక ఆ కోటులో బావ కాక ఎవరుంటారు? అంటే తాను చూసింది నిజమే. తన కళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ మాట అనుకోగానే ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. సంతోషించడానికి అందులో ఏముంది?

అక్క వంటింట్లో కప్పులు కడుగుతోంది. కాసేపట్లో విచారణకు పర్యాటక శాఖ అధికారి వస్తున్నాడు. చావు మీద చివరి మాట అతనే రాయాలి. వచ్చేది ఎందుకైనా, వచ్చినవాడికి టీ ఇవ్వాలిగా, అందుకని ఉన్నవాటిలో మంచి కప్పులు తీసింది. ఈ రెండు నెలల్లో ఆమె బాగా చిక్కిపోయింది. చేతి గడియారం మోచేతి దాకా జారుతోంది.

“తల తుడుచుకో. జలుబు చేస్తే రేపు మళ్లీ నేనే చూడాలి” అంది అక్క వెనక్కి తిరగకుండా.

“అక్కా, బావ కోటేది?”

కుళాయి కింద అక్క చెయ్యి ఆగిపోయింది. ఏ కోటు అని అడగలేదు. అడిగి ఉంటే పిచ్చుక ఇంకొంచెంసేపు అక్కను నమ్మేది.

“తలుపు దగ్గరగా వెయ్యి. నాన్న పడుకున్నాడు.”

“కోటేదంటున్నా.”

“పొయ్యిలో వేశాను.”

కుళాయి కట్టేసి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని, అక్క బల్ల ముందు కూర్చుంది. తప్పు చేసి దొరికిన మనిషిలా లేదు. చాలా దూరం నడిచి వచ్చి కూలబడ్డ మనిషిలా ఉంది.

“వాగులోంచి ఆయన్ని తీసుకొచ్చిన మర్నాడు వేశాను. తడిదిగా, అంటుకోలేదు. కిరోసిన్ పోశాను. అప్పటికీ ఆయన వాసన వస్తూనే ఉందే.”

“అంటే నాన్న వేసుకున్నాడని నీకు తెలుసు.”

“విడిది గేటు దగ్గర నేనేగా విప్పింది! అందరూ లోపల మంట చుట్టూ చేరారు. నువ్వు వెనక సైకిళ్లు తుడుస్తున్నావు. నాన్న పళ్లు టకటకలాడుతూ వచ్చాడు. ఆయనేడి అన్నాను. చైను ఊడింది, వేసుకుని వస్తున్నాడు, నన్ను పొమ్మన్నాడు అన్నాడు. కోటు నా చేతిలోనే ఉంది. అయినా నాకు వెలగలేదు. నాన్న కాళ్లు రుద్దుతూ కూర్చున్నాను.” అక్క గొంతు మారలేదు. “ఆయన దొరికాక, ఒంటి మీద కోటు లేదు, వాగులో కొట్టుకుపోయుంటుంది అన్నారు చూడు, అప్పుడు వెలిగింది.”

“అప్పట్నుంచీ తెలుసు నీకు.”

“తెలుసు.”

పిచ్చుక నిలబడే ఉంది. ఆమె బట్టల్లోంచి నీళ్లు కారి గచ్చు మీద మడుగు కట్టాయి. మామూలు రోజైతే ఆ మడుగు గురించే అక్క ఇల్లు పీకి పందిరి వేసేది.

“డాక్టరు దగ్గరికి తీసుకెళ్లావు నన్ను. గుర్తుందా? నా కళ్లు పరీక్ష చేయించావు. మంచులో ఒక్కోసారి లేనిది ఉన్నట్టు అనిపిస్తుందమ్మా, మనసు అలా కల్పించుకుంటుంది అన్నాడాయన. నువ్వు నా పక్కనే కూర్చున్నావు. నా చెయ్యి పట్టుకుని తలూపావక్కా!”

“ఊపాను.”

“నాకు పిచ్చెక్కిందనుకున్నా. బావని చంపేశాననుకున్నా. దుప్పట్లో నోరు కుక్కుకుని ఏడ్చాను, నువ్వు వింటే బాధపడతావని!”

“విన్నాను” అంది అక్క. “పక్క గదేగా.”

ఆ మాటకు పిచ్చుక చెయ్యి లేచింది. చిన్నప్పట్నుంచీ అక్క చేత దెబ్బలు తినడమే తప్ప కొట్టి ఎరగదు. లేచిన చెయ్యి ఎటు పోవాలో తెలియక బల్ల మీద కప్పును తోసేసింది. అది కింద పడి ముక్కలైంది. ఇద్దరూ లోపలి గది వైపు చూశారు. నాన్న దగ్గు వినిపించింది, ఆగిపోయింది.

“ఎందుకక్కా?”

“నాన్నకి కోటు సంగతి తెలీదు కాబట్టి.” అక్క కిందికి వంగి పెంకులు ఏరడం మొదలుపెట్టింది. “ఆయన రోజుల్లో కోటెక్కడిదే? చివర వచ్చేవాడు ‘తలుపేశా’ అని కేక వేసేవాడు. ఆ కేక వింటేనే మలుపులో మనిషి కదలాలి. కొండగాలికి కేక వినపడట్లేదని మీ బావే కోటు పెట్టాడు. నాన్నకి మాత్రం చెప్పొద్దన్నాడు. మామయ్య పెట్టిన పద్ధతి తీసేశామంటే నొచ్చుకుంటాడన్నాడు. నాన్నేమో కార్లే రాని దారిలో ఈ పసుపు వేషం ఎవరి కోసమయ్యా అని అల్లుణ్ని ఆటపట్టించేవాడు. ఇద్దరం నవ్వేసి ఊరుకునేవాళ్లం.”

“నాన్న నొచ్చుకుంటాడనే అప్పుడు చెప్పలేదు. దానికి బావ పోయాడు. ఇప్పుడూ నాన్న నొచ్చుకుంటాడనే...”

“ఇప్పుడు నొచ్చుకోవడం కాదు. పోతాడు!” అక్క మొదటిసారి గొంతెత్తింది, వెంటనే దించింది. “పడిపోయిన పానా కోసం ఆయన వెనక్కెళ్లి, మంచులో అలవాటు కొద్దీ పాత దారి పట్టాడని నాన్నకి చెప్పాను. నీ మీద జనం ఏమంటున్నారో ఆయన చెవిన పడనివ్వలేదు. ఆ కోటు నీ ఒంటి మీద ఉండబట్టే పిచ్చుక మలుపు వదిలింది నాన్నా, అని ఎలా చెప్పను? నా మొగుడు పోయాడు. నాన్ననీ పోగొట్టుకోమంటావా?”

“నన్నైతే పోగొట్టుకోవచ్చా?”

అక్క ఇంకో పెంకు ఏరింది. “నువ్వు చిన్నదానివే. మోస్తావు. ఎప్పటికో ఒకప్పటికి తేరుకుంటావు. ఆయన మోయలేడు” అంది. అని, ఏరిన పెంకులు కొంగులో పోసుకుంటూ, “అసలు తప్పు నాది. ముందు వెళ్లింది నేను. వంతెన లేదని తెలుసు. ఆ దారికి అడ్డంగా ఓ కొమ్మ పడెయ్యడానికి నా చేతులేమైనా పడిపోయాయా? మనిషిని నిలబెడితే చాలనుకున్నా. మన పద్ధతే గొప్పదనుకున్నా” అంది. అప్పుడు ఏడ్చింది. మొగుడి శవం ముందు కూడా ఏడవని మనిషి, గచ్చు మీద కూర్చుని, కొంగులో పెంకులతో ఏడ్చింది. పిచ్చుక దగ్గరికి వెళ్లలేదు. వెళ్లాలని మాత్రం అనిపించింది.

బయట కారు ఆగిన చప్పుడైంది. చెప్పిన వేళ కంటే ముందే వచ్చాడు అధికారి. ప్రభుత్వంలో ఇలాంటి వింత ఎప్పుడో గాని జరగదు, జరిగినప్పుడు మన కొంప ముంచడానికే జరుగుతుంది.

అధికారి చెడ్డవాడు కాదు. మలుపుల దారికి కడుపులో తిప్పి, ముఖం పాలిపోయి వచ్చాడు. టీ వద్దని మంచినీళ్లు తాగాడు. గోడకు వేలాడే సైకిలు చక్రాల కింద కుర్చీ వేసుకుని కాగితాలు మోకాళ్ల మీద సర్దుకున్నాడు. బావ ఫోటో వైపు ఒకసారి చూసి, ఇబ్బందిగా కళ్లు దించుకున్నాడు.

“మిమ్మల్ని ఎక్కువసేపు బాధపెట్టనమ్మా. అన్నీ రాసే ఉన్నాయి. ఒక్క ముక్క తేలితే మూసేస్తాను.” పిచ్చుక వైపు తిరిగాడు. “పసుపు కోటు దాటాకే కదిలానని నువ్వు మొదట చెప్పావు. కోటు దాటితే అతనూ దాటినట్టే. మరి పాత దారిలో ఎలా దొరికాడు? ఇది నాకు కుదరట్లేదు. నువ్వు చూశావా, చూశాననుకున్నావా?”

పిచ్చుక నోరు తెరిచింది. నిజం నాలుక చివరే ఉంది. ఒక్క మాట చాలు. ఆ మాటతో ఆమె కళ్లు ఆమెకు తిరిగొస్తాయి, పేరు తిరిగొస్తుంది. మళ్లీ పొద్దున్నే అక్క వెనక సైకిలెక్కి, ఎవరి కంటా పడకూడదని తల దించుకోవక్కర్లేకుండా, కొండెక్కవచ్చు. ఆమెకు వచ్చిన పని అదొక్కటే. చిన్నప్పుడు నాన్న తన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బురుజు బురుజుకూ కథ చెబుతూ నేర్పిన పని.

లోపలి గది తలుపు ఓరగా ఉంది. మంచం మీద నాన్న పాదాలు కనిపిస్తున్నాయి. ఒక కాలికి మేజోడు ఉంది, రెండో కాలిది ఎక్కడో జారిపోయింది. ఎప్పుడూ అంతే, ఉదయం లేచి ఇల్లంతా వెతుకుతాడు.

ఆమె అక్క వైపు చూసింది. అక్క బతిమాలలేదు. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఏం చెప్పినా అడ్డురానని దాని అర్థం. బతిమాలి ఉంటే పిచ్చుక నిజమే చెప్పేదేమో!

“చూడలేదు సార్” అంది. “చలిగా ఉందని ముందే వచ్చేశాను. తర్వాత భయమేసి కోటు చూశానని చెప్పాను.”

“బాగా ఆలోచించుకుని చెబుతున్నావా? ఇది రాశానంటే నువ్విక ఎవర్నీ ఈ దారుల్లో తీసుకెళ్లడానికి వీల్లేదు. ఇక్కడే కాదు, ఎక్కడా.”

“తెలుసు సార్.”

మాట వణకలేదు. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల తన బతుకును తన చేత్తోనే ఎత్తి అవతల పారేసింది. ఇది త్యాగమని మెచ్చుకునేవాళ్లుంటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఈ ఇంట్లో ఒకరినొకరు కాపాడుకోవడమే కత్తిలా తయారైంది.

అధికారి రాయడం మొదలుపెట్టాడు.

“కొట్టెయ్యి బాబూ అది.”

ముగ్గురూ తిరిగి చూశారు. నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఒక కాలికే మేజోడు. నిద్ర కళ్లు, చెదిరిన జుట్టు, కానీ గొంతు మాత్రం వెనక బెంచీ దాకా వినిపించే పాత మాస్టారి గొంతు.

“నాన్నా, నువ్వు పడుకో” అంటూ అక్క కంగారుగా లేచింది.

“నువ్వాగమ్మా! నా కూతురు మలుపు వదిలేసి వచ్చిందా? చలికి? ఎవడన్నాడు ఆ మాట?”

“ఆమే అంటోంది మాస్టారూ.”

“అబద్ధం చెబుతోంది. ఎందుకు చెబుతోందో నాకు తెలీదు. నేను దాటి వెళ్లేటప్పుడు మలుపులోనే ఉంది. చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. కాదంటుందేమో అడగండి!”

“మీరు సైకిల్ మీద ఉన్నారా?” అధికారి కలం ఆగింది. “అది ఎక్కడా రాసి లేదే!”

“నన్నెవరూ అడగలేదు బాబూ, ముసలాణ్నని మూల కూర్చోబెట్టారు.” ఆయన కర్ర కోసం తడుముకుని, అందక గోడనే ఆనుకున్నాడు. పిచ్చుక వైపు చూసిన చూపులో కోపం ఉంది, కోపం నిండా ప్రేమ ఉంది. “నేను దాటాక అల్లుడు కూడా వచ్చే ఉంటాడు. కేక నాకు వినపడలేదు, గాలి అలా ఉంది. పిచ్చుకకి వినపడబట్టే కదిలింది. కేక లేకుండా కదలదు, నేను నేర్పానుగా! కొంచెంసేపటికి నన్ను దాటుకుంటూ ముందుకెళ్లింది కూడా.”

“నాన్నా, వద్దు” అంది పిచ్చుక. అది మాట కాదు, ఊపిరి.

“వద్దేమిటే? నీ మీద మచ్చ పడుతుంటే చూస్తూ ఊరుకోనా? దాటుతూ ఏమందో కూడా గుర్తుంది బాబూ నాకు, రాసుకో. ‘నేను ముందుకెళ్తున్నా బావా, నువ్వు నెమ్మదిగా రా’ అంది. వెనకున్న అల్లుడికి చెబుతోందనుకుని నేను...”

నాన్న ఆగిపోయాడు.

ఆయన పెదవులు ఆ మాటను మళ్లీ ఒకసారి చప్పుడు లేకుండా అనుకోవడం గదిలో అందరికీ కనిపించింది. మంచులో తన భుజం పక్కనుంచి దూసుకుపోతూ, తన వైపు తిరిగి నవ్విన కూతురు ఆయన కళ్లలో కదిలినట్టుంది. చెయ్యి నెమ్మదిగా లేచి గుండె మీద, కోటు గుండీలుండే చోట ఆగింది.

“నా వైపే చూసి అంది” అన్నాడు. ఆ గొంతు ఇప్పుడు మాస్టారిది కాదు. అధికారిని వదిలేసి, చిన్న కూతుర్ని వదిలేసి, కిటికీ దగ్గర రాయిలా నిలబడ్డ పెద్ద కూతురి వైపు తిరిగాడు.

“అమ్మా, పిచ్చుక నన్నెందుకు బావా అంది?”